మన లెక్కలో ఏడో వంతెన

అల్లుడి ఇల్లు, మేడ మీది గది
ఎండలు ముదురుతున్న రోజులు

ప్రియమైన బావకి,

నువ్వు కులాసాగా ఉన్నావనీ, స్టేషన్లో ఆ విరిగిన బల్ల మీదే కూర్చుని రాని బండి కోసం ఇంకా ఎదురు చూస్తున్నావనీ తలుస్తాను. మీ చెల్లెలు బాగానే ఉంది. మోకాళ్ల నొప్పులు తప్ప వేరే బాధేమీ లేదు, నన్ను లెక్కలోంచి తీసేస్తే.

ఇక్కడ అన్నీ ఉన్నాయి బావా, పనే లేదు. మేడలు కట్టించే అల్లుడు కదా, మాకు మేడ మీద ఎండ తగలని గది ఇచ్చాడు. పొద్దున లేచి కిటికీలోంచి రోడ్డు చూస్తాను. ఇన్ని బళ్లు పోతుంటాయా, ఒక్కడికీ నా పచ్చజెండాతో పని లేదు. కిందికి దిగుదామంటే ముందుగదిలో అల్లుడి కోసం వచ్చినవాళ్లు. వాళ్ల మధ్య ఈ ముసలాడెందుకని పైనే ఉండిపోతాను. గార్డుగా బతికినన్నాళ్లూ నేను జెండా ఊపందే నీ అంతటి డ్రైవరు కూడా కదిలేవాడు కాదు. ఇప్పుడు నేను మంచినీళ్లు అడిగితే కూడా వినేవాళ్లుండరు.

అందుకే ఒక ఆలోచన చేశాను. నవ్వకు. మన లైను మీద ఒక పుస్తకం రాస్తాను. మూతపడి ఆరేళ్లయింది, ఇంకో ఆరేళ్లు పోతే అక్కడ రైలు తిరిగిందంటే నమ్మేవాడుండడు. కథలు నాకు గుర్తున్నాయి, అంకెలే జారిపోయాయి. నీది అంకెల బుర్ర. పొడవెంత, స్టేషన్లెన్ని, వంతెనలెన్ని, పట్టా బరువెంత, తోచినవన్నీ రాయి. పుస్తకం మీద నీ పేరు కూడా వేయిస్తా.

అమ్మడికి ఈ మామయ్య అడిగాడని చెప్పు. చిన్నప్పుడు నా జెండాల కోసం ఏడ్చేది. రెండూ నా పెట్టెలో భద్రంగా ఉన్నాయని చెప్పు.

ఇట్లు,
నీ వెనక పెట్టెవాడు

*

స్టేషన్ వీధి, లైను చివర

ఒరేయ్ బావా,

పుస్తకమా! నువ్వా! రోజూ రాయాల్సిన రిపోర్టు కూడా నా చేత చెప్పించుకుని రాసేవాడివి. సరేలే, చదివేవాళ్ల ఖర్మ. కానీ నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో. రెండుసార్లు చదివి అమ్మడికి కూడా చదివి వినిపించాను.

రాసుకో. లైను పొడవు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. జంక్షన్‌తో కలిపి స్టేషన్లు అయిదు, హాల్టులు రెండు. ఒంటి లైను. వేగం గంటకి పాతిక దాటకూడదు, దాటితే నా ఉద్యోగమూ నీ నడుమూ రెండూ పోయేవి. ఒక్కో పట్టా పన్నెండు మీటర్లు, మీటరుకి ముప్పై కిలోలు. మామూలు రోజుల్లో మూడొందల మంది ఎక్కేవాళ్లు, సంత రోజున మేకలు కాక ఏడొందలు. మూసేసిన ఏడాది రోజుకి నలభై మందే ఎక్కారని పైవాళ్లు రాశారు. ఆ ఏడాది మధ్యాహ్నం బండి తీసేసి, తెల్లవారుజామున ఒక్కటే నడిపితే నలభై మంది ఎక్కడమే గొప్ప. ఈ ముక్క పెద్ద అక్షరాలతో వెయ్యి.

వంతెనలు తొమ్మిది. ఇక్కడ జాగ్రత్త. ఆఫీసు వాళ్లు జంక్షన్ నుంచి ఒకటీ రెండూ అని వేసుకుంటూ వచ్చారు. మనిద్దరం మాత్రం ఇంటి నుంచి లెక్కపెట్టేవాళ్లం, ఎందుకంటే పొద్దున బయల్దేరేది ఇక్కణ్ణించి కదా! ఊరికీ నదికీ మధ్య పల్లపు నేల, ఆ నాలుగు కిలోమీటర్లలోనే ఆరు చిన్నవి. కాబట్టి నది మీది పెద్దది మన లెక్కలో ఏడోది, బోర్డు మీద మాత్రం మూడు. ఈ తిరగేసిన లెక్క లోకంలో మనిద్దరికి తప్ప ఎవడికీ తెలియదు. "ఏడు దాటాక టీ తాగుదాం" అనేవాడివి గుర్తుందా?

ఆ ఏడో వంతెనే ఇప్పుడు మాకు ప్రాణం. అవతలి గట్టున రెండు పల్లెలు. రోడ్డున చుట్టి రావాలంటే నలభై కిలోమీటర్లు. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌వాళ్లు వదిలేసిపోయిన తోపుడు ట్రాలీ ఉంది కదా, దానికి నేనే చక్రాలు బాగుచేశాను. పట్టాల మీద తోసుకుంటూ అమ్మడు వారానికి మూడుసార్లు వంతెన దాటి పోతుంది, సూదులూ మందులూ వేసుకుని. నడవలేని రోగులుంటే దాని మీదే ఇవతలి ఆస్పత్రికి తీసుకొస్తుంది. నర్సు ఉద్యోగంలో చేరినప్పుడు ట్రాలీ నడపడం కూడా నేర్చుకోవాలని ఎవరూ చెప్పలేదు నాన్నా అంటుంది. డ్రైవరు కూతురు కదా, చెప్పేదేముంది!

చెల్లాయిని మోకాళ్లకి వేడి కాపడం పెట్టుకోమను.

నీ బావ

*

అల్లుడి ఇల్లు

బావా,

నీ ఉత్తరం బంగారం. నిన్న సాయంత్రం అల్లుడు పైకి వచ్చాడు. ఏం రాస్తున్నారు మామగారూ అని అడిగితే చూపించాను. కూర్చుని మొత్తం చదివాడు! కిందికి రమ్మని ముందుగదిలో తన పక్కన కుర్చీ వేయించాడు. వచ్చిన పెద్దమనుషులకి "మా మామగారు రైల్వే మనిషి, ఆ లైను మొత్తం ఆయన అరచేతిలో ఉంది" అని చెప్పాడు. మీ చెల్లెలు గుమ్మంలోంచి చూసి మూతి తిప్పుకుంది గానీ, నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

పుస్తకానికి ఇంకొన్ని వివరాలు కావాలి. పట్టాల కింది స్లీపర్లు ఎక్కడెక్కడ కొయ్యవి, ఎక్కడెక్కడ ఇనుపవి? వంతెన మీది దూలాలు ఎన్ని, ఎంత పొడవు? చదివినవాళ్లు వచ్చి చూడాలనుకుంటే దారి కూడా రాయాలి కదా, అందుకని ఏ వంతెన దాకా బండి వస్తుందో చెప్పు. చిన్న కారనే కాదు, పెద్ద బండి కూడా.

మన లెక్కలోనే రాయి. అదే బాగుంటుంది.

నీ బావ

*

స్టేషన్ వీధి

బావా,

నీకు కుర్చీ వేయించిన అల్లుడు నిండు నూరేళ్లు ఉండాలి. మేనకోడలికి నా ముద్దులు.

పెద్ద బండి ఎందుకురా? నీ పుస్తకం చదివి జనం బస్సుల్లో దిగుతారా ఏంటి? అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. మన ఒకటి నుంచి నాలుగు దాకా కట్ట పక్కనే బండిబాట ఉంది, ఎండాకాలం లారీ కూడా వస్తుంది. అయిదు, ఆరు బురద. ఏడో దాని దగ్గరికి ఇసుక లారీలు తిరిగే దారి ఉంది, సరిగ్గా స్తంభం కిందికి వస్తుంది. ఎనిమిది, తొమ్మిది జంక్షన్ రోడ్డుకి ఆనుకునే ఉన్నాయి. ఇనుప స్లీపర్లు ఊరి నుంచి నది దాకా, ఆ పైన అన్నీ కొయ్యవే, సగం చెదలు తిన్నాయి. ఏడో దాని మీద పది దూలాలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండేసి, ఒక్కోటి పద్దెనిమిది మీటర్లు. నిన్న అమ్మడు టేపు పట్టుకుంటే నేను కొలిచాను. కింద నీళ్లు చూస్తే ఈ మధ్య కళ్లు తిరుగుతున్నాయి నాకు. నీ పుస్తకం కోసం చావలేదు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. స్టేషన్ గోడకి కాగితం అంటించారు. పట్టాలు వేలం వేస్తున్నారు. చదివి మళ్లీ ఆ బల్ల మీదికే వచ్చి కూర్చున్నాను. ఆరేళ్లు నేను దేని కోసం కూర్చున్నట్టు? ఏదో ఒకనాడు పైవాళ్లకి బుద్ధొచ్చి బండి తిప్పుతారని ఇంట్లో చెప్పుకోకపోయినా లోపల ఉండేది. అది పోయింది.

కానీ అమ్మడు ఊరుకోలేదు. రెండు పల్లెలవాళ్లనీ వెంటబెట్టుకుని పెద్దాఫీసుకి పోయింది. వంతెన తీసేస్తే రోగుల్ని మీరు మోసుకొస్తారా అని అడిగిందట. కాళ్లరిగేలా తిరిగాక ఒప్పుకున్నారు. వేలం కాగితంలో "మూడో నంబరు వంతెన, దాని మీది పట్టాలు తప్ప" అని చేర్చారు. ఊళ్లోకి వచ్చేసరికి దాని గొంతు బొంగురుపోయింది. రైలు పోతే పోయింది, వంతెన దక్కింది. అది చాలు.

వేలం ఎవడు పాడాడో తెలిసిందా మీ వైపు? తెలిస్తే రాయి. మనవాడెవడైనా అయితే పాత స్టేషన్ గంట నాకు ఇప్పించమని అడుగుతాను.

నీ బావ

*

అల్లుడి ఇల్లు

బావకి,

అమ్మడు గట్టి పిల్ల. విని సంతోషించాను.

వేలం సంగతి నాకు తెలియదు. ఇంత పెద్ద నగరంలో ఎవరేం పాడారో ఎవరికి తెలుస్తుంది?

ఆ సంగతి వదిలెయ్యి. నీకో మంచి కబురు. ఇక్కడ రిటైరైన రైల్వేవాళ్ల సంఘం ఉంది. నా పుస్తకం వాళ్ల సభలో చదవమన్నారు. నిన్ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. వచ్చే వారం తప్పకుండా బయల్దేరు. వచ్చాక పది రోజులైనా ఉండాలి. నీ కళ్లు కూడా డాక్టరుకి చూపిద్దాం. కాదంటే ఒప్పుకునేది లేదు. మీ చెల్లెలు నువ్వొస్తున్నావని ఇప్పటినుంచే పరుపు ఎండబెడుతోంది.

నీ బావ

*

స్టేషన్ వీధి

ఒరేయ్ బావా,

శాలువానా! నాకా! బొగ్గుమసి తప్ప వేరేదేమీ నా భుజాల మీద ఎవరూ కప్పలేదు. వస్తున్నాను. అమ్మడు కూడా వెళ్లమంది. పది రోజులు ఎవరూ తన వంటకి వంక పెట్టకుండా ఉంటే అదే పెద్ద సెలవు అంటోంది.

బస్టాండుకి నువ్వే రావాలి. అల్లుణ్ణి పంపితే నేను గుర్తుపట్టలేను, పెళ్లినాడు చూడటమే.

బావ

*

స్టేషన్ వీధి
తిరిగొచ్చిన మర్నాడు

బావా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. అక్షరాలు కుదరకపోతే క్షమించు. లేదు, క్షమించు అనాల్సింది నేను కాదు.

నిన్న మధ్యాహ్నం బస్సు నది మలుపు దగ్గర ఆగింది. దిగి చూద్దును కదా, నదిలో నాలుగు రాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు. చూసి, నేనే దారి తప్పి వేరే ఊళ్లో దిగానేమో అనుకున్నాను. ఎండకి కళ్లు చెదిరాయేమోనని తుడుచుకుని చూశాను. ఏమీ లేదు బావా. పది దూలాలూ ఇసుకలో ముక్కలై పడున్నాయి, ఇద్దరు కుర్రాళ్లు గ్యాసు మంటతో ఇంకా కోస్తున్నారు.

ఇసుకలోకి పరుగెత్తాను. తర్వాత ఏం అరిచానో నాకే తెలియదు. పనివాళ్ల మేస్త్రీ పరుగెత్తుకొచ్చి నన్ను నీడన కూర్చోబెట్టాడు. మంచివాడే పాపం. "పెద్దాయనా, ఏమైంది?" అన్నాడు.

"మూడో వంతెన వదిలెయ్యమని మీ కాగితంలో లేదా?" అన్నాను.

"వదిలేశాంగా! మేమెందుకు ముట్టుకుంటాం? అదిగో," అని ఊరివైపు చెయ్యి చూపించాడు. అటేముంది? మన లెక్కలో మూడోది. ఇద్దరు మనుషులు అడ్డంగా పడుకుంటే నిండిపోయే చిన్న వంతెన. కింద చుక్క నీళ్లుండవు, గొర్రెలు దాక్కుంటాయి. అది మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

తన దగ్గరున్న జాబితా తీసి చూపించాడు. ఏడు, నది మీద, పది దూలాలు, పద్దెనిమిది మీటర్లు, ఇసుక లారీల దారి స్తంభం కింద దాకా. అన్నీ నా మాటలే. నేను నీకు రాసినవే.

"ఈ వంతెన బోర్డు మీద మూడని ఉందేంటని మావాడొకడు అడిగాడండీ," అన్నాడు మేస్త్రీ. "నాకూ అనుమానం వచ్చి కాంట్రాక్టరు గారికి ఫోను చేయించా. ఆయన కనుక్కుని చెప్పారు. బోర్డు ఎవరో తప్పు పెట్టారు, మా మామగారి లెక్కే కరెక్టు, ఆయన ఈ లైన్లోనే గార్డు చేశారు అని."

మా మామగారు. ఆ మాట చెవిన పడ్డాక నాకు ఇంకేమీ వినపడలేదు.

బావా, ఆ లెక్క మనిద్దరిదే. నేను చెప్పలేదు.

అమ్మడు అవతలి గట్టున చిక్కుకుపోయింది. మూడు రోజుల కిందట పొద్దున మందులు పట్టుకుని వెళ్లిందట, వెనక్కి వచ్చేసరికి దూలాలు దించుతున్నారట. అడ్డం పడితే కాగితం చూపించి పక్కకి తప్పించారు. నిన్న సాయంత్రం ఇవతల నేను, అవతల అది. నది హోరులో అది అరిచిన మాటల్లో నాకు ఒక్కటే వినపడింది. "నాన్నా, మామయ్యకి ఉత్తరం రాయి, ఆయనకి పెద్దవాళ్లు తెలుసు" అంది.

ఆయనకి తెలుసు తల్లీ, అని అరవలేకపోయాను.

నువ్వే చెప్పు. అబద్ధమని చెప్పు. నమ్ముతాను.

*

అల్లుడి ఇల్లు

బావగారికి,

మీ ఉత్తరం చూసి నిద్రాహారాలు లేవు. నా మాట కూడా వినండి.

వేలం పాడింది అల్లుడే. నిజమే. మీకు చెప్పకపోవడం తప్పే. మీరు బాధపడతారని దాచాను. ఎలాగూ ఎవరో ఒకరు పట్టాలు పీకేవారే, మనవాడైతే పోయేదేముందనుకున్నాను. వివరాలు అడిగాడు, ఇచ్చాను. పుస్తకం కోసం మీరు రాసినవి అలాగే ఎత్తి రాసిచ్చాను. రెండు లెక్కలున్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు. వయసు మీద పడుతోంది బావా. ఇది మతిమరుపు, మోసం కాదు. ఒట్టు.

అమ్మడికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ప్రభుత్వం తప్పకుండా వేరే వంతెన కడుతుంది.

మీ బావ

*

స్టేషన్ వీధి

బావా,

నువ్వు నన్ను "మీరు" అనడం ఈ జన్మలో ఇదే మొదటిసారి. తప్పు చేసినవాడికే ఇంత మర్యాద పుట్టుకొస్తుంది.

తట్టనే లేదా? సభలో నీ పుస్తకం చదివావు గుర్తుందా? శాలువా కప్పుకుని పెళ్లికొడుకులా వేదిక మీద కూర్చున్నాను. "మూడో నంబరు వంతెన మీంచి సూర్యోదయం చూడాలి" అని చదివావు. నేను ఉండబట్టలేక లేచి "ఒరేయ్, ఏడు!" అని అరిచాను. హాలంతా నవ్వింది. నువ్వు మైకులోనే "మా డ్రైవరుగారు ఇంటి నుంచి లెక్కపెడతారండీ, ఆఫీసు లెక్కలో అది మూడు" అని విప్పి చెప్పావు. ఇంత చక్కగా తట్టింది కదా!

ఇంకోటి. ఆ మర్నాడు భోజనాల దగ్గర ఫోను మోగింది. అల్లుడు మాట్లాడి నీ వంక చూశాడు. నువ్వు చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లి, ఫోన్లో ఏదో అని వచ్చి కూర్చున్నావు. ఎవర్రా అంటే "ఏదో లెక్క అడిగారులే" అన్నావు. నా విస్తట్లో ఇంకాస్త అన్నం వడ్డించావు. తినమని బలవంతం చేశావు. నేను తిన్నాను.

చెల్లాయి "ఇంకో నాలుగు రోజులుండు అన్నయ్యా" అని బతిమాలింది. అది కూడా నువ్వే నేర్పించావా? దీనికి మాత్రం జవాబు రాయి.

*

అల్లుడి ఇల్లు

బావా,

ఆవిడకేమీ తెలియదు. ఈ మాట మాత్రం నమ్ము.

మిగతాది నీళ్లు నమలకుండా చెబుతాను. తెలుసు. రెండు లెక్కలూ తెలుసు. అల్లుడు జాబితా చూసి, పెద్ద ఇనుమంతా ఆ ఒక్క వంతెన మీదే ఉంది మామగారూ, దాన్ని వదిలేస్తే మిగిలేది తుక్కే అన్నాడు. దారేమైనా ఉందా అని అడిగాడు. ఆ ముందుగదిలో, అందరి ముందూ, నన్ను అడిగాడు బావా! ఈ ఇంట్లో అడుగుపెట్టాక నన్ను ఎవరైనా సలహా అడగడం అదే మొదలు. రెండు లెక్కలున్నాయని నా నోటివెంట వచ్చేసింది. వాడు నవ్వి నా భుజం తట్టాడు. ఆ తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను. మళ్లీ మేడ మీదికి పోవడం తలుచుకుంటే భయం వేసింది.

నిన్ను పిలిపించింది కూడా అందుకే. నువ్వక్కడుంటే దూలాల కింద పడుకుంటావని నాకు తెలుసు.

తిట్టు. కానీ ఒక్కటి చేసిపెట్టు. విచారణ పెట్టారట, నిన్ను కూడా పిలుస్తారట. ఆ లైన్లో అందరూ రెండు రకాలుగా లెక్కపెట్టేవాళ్లం, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అని ఒక్క మాట అను. నువ్వంటే చాలు, నీ మాటకి అక్కడ విలువుంది. లేకపోతే అల్లుడు జైలుకి పోతాడు. నీ మేనకోడలు ముఖం చూడు.

ఇది రాస్తుండగా ఇంకో కష్టం వచ్చిపడింది. నీ ఉత్తరం నా దిండు కింద దాచుకుంటే మీ చెల్లెలికి దొరికింది. చదివింది. నన్ను తిట్టనైనా లేదు. పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ, నా పెట్టె మూత తెరిచి ఉంది. అక్కడికే వచ్చిందా? బతికుందని ఒక్క ముక్క రాయి, నీకు పుణ్యముంటుంది.

నీ బావ

*

లైను చివర

గార్డు గారికి డ్రైవరు వ్రాయునది,

మీ భార్య ఇక్కడే ఉంది. బాగుంది. అడిగారు కాబట్టి ముందు ఆ ముక్క.

విచారణకి పిలిచారు, వెళ్లాను. మేనకోడలి ముఖం దారి పొడవునా నా కళ్ల ముందే ఉంది. అధికారి అడిగాడు, ఆ లైన్లో ఇంటి నుంచి లెక్కపెట్టేవాళ్లు ఎందరని. ఇద్దరమే అని చెప్పాను. రెండోవారు ఎవరన్నాడు. చెప్పాను. నా చెల్లెలి భర్త అని కూడా చెప్పాను, వేరేవాళ్లు చెప్పేలోగా నేనే చెబితే మంచిదని. బయటికొచ్చి గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మీరు సంతోషించడానికి రాయడం లేదు. నాకు అది తేలిక కాలేదని రాస్తున్నాను.

మన ఉద్యోగం సంగతి ఒకటి చెబుతాను. ఇంజన్లో ఉన్నవాడికి వెనక ఏముందో కనిపించదు. పిల్లాడు మెట్టు మీద వేలాడుతున్నాడో, ముసలమ్మ ఎక్కుతూ ఉందో, ఏమీ తెలియదు. గార్డు పచ్చజెండా చూపిస్తే కదులుతాడు. అన్నేళ్లూ నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి సరిచూసుకోలేదు. అవసరం లేదనుకున్నాను. మొన్నటి దాకా కూడా అనుకున్నాను. నమ్మించి గొంతు కోశారు. నా ఒక్కడి గొంతయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

అమ్మడు అవతలి పల్లెలో గది తీసుకుని ఉంటోంది. పోయిన వారం ఉబ్బసం ముసలమ్మని నూనె డ్రమ్ములు కట్టిన తెప్ప మీద దాటించారు. అమ్మడు నడుంలోతు నీళ్లలో పట్టుకుని నడిచింది. ముసలమ్మ బతికింది. వర్షాలు దిగితే తెప్ప కూడా నడవదు. మామయ్య ఉత్తరానికి ఏం జవాబిచ్చాడు నాన్నా అని అమ్మడు మూడుసార్లు అడిగింది. మూడోసారి చెప్పేశాను. అది ఏడవలేదు. జెండాల కోసం ఏడ్చిన వయసు దాటిపోయింది కదా.

మీ పుస్తకానికి చివరి అంకెలు పంపుతున్నాను. సరిచూసుకోండి.

పొడవు, ఏమీ లేదు. పట్టాలు నిన్నటితో అన్నీ ఎత్తేశారు. స్టేషన్లు అయిదు, తలుపుల్లేవు. తోపుడు ట్రాలీ ఒకటి, అవతలి గట్టున బోర్లా పడి ఉంది. నది దాటడానికి నలభై కిలోమీటర్లు. వంతెనలు తొమ్మిదిలో మిగిలింది ఒకటి. మన లెక్కలో మూడోది. అటూ ఇటూ కట్ట తవ్వేసి కంకర కూడా పట్టుకుపోయారు, పొలం మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. దాని మీద ఎక్కడానికి దారి లేదు, ఎక్కి వెళ్లడానికి చోటు లేదు. మీ కాగితంలో ఉన్నట్టే, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

చెల్లాయి వచ్చిన రోజే నది దగ్గరికి తీసుకెళ్లమంది. మోకాళ్లు పట్టేసినా నా భుజం పట్టుకుని నడిచింది. కట్ట అంచు దాకా వచ్చి ఖాళీ స్తంభాలు చూసి, సంచిలోంచి మీ ఎర్రజెండా తీసింది. చీకట్లో ఎవరైనా అలవాటు కొద్దీ నడుచుకుంటూ వచ్చి పడిపోతారు అన్నయ్యా, కట్టు అంది. గుంజ పాతి కట్టాను. అవతలి గట్టు నుంచి అమ్మడు చూసి చెయ్యి ఊపింది.

రెండోది ఏదని అడిగాను. పచ్చది మీ పెట్టెలోనే వదిలేసి వచ్చిందట.

ఇట్లు,
డ్రైవరు